బండమీది అతిథి

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు
18 జనవరి 2003

అర్పితక్కా,

సొన్నప్ప వ్యాను తాళాలు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. "బిన్నె రాయి తల్లీ, లేటయి గెస్టులు ఎక్కేసినారంటే నన్ను తినేస్తారు" అంటున్నాడు. అందుకే ఈ కోడిగీతలు. మీ తోటకు ఫోను లైను లేదు, నువ్వు ఊళ్ళో ఎస్‌టీడీ బూత్‌కు ఎప్పుడొస్తావో నాకు తెలీదు. ఇక మనిద్దరికీ దిక్కు శనివారం వ్యానే. ఆదివారం అదే వ్యానులో జవాబు పంపించు.

పోయిన వారం గెస్టులతో నేనూ వచ్చి వెళ్ళినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మీ అత్తగారి రాగిసంగటి, నాటుకోడి పులుసు తిని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళు వేళ్ళు నాకుతున్నారు, బాగానే ఉంది. కానీ పశువుల కొట్టం వెనక్కి వెళ్ళి చూశావా ఎప్పుడైనా? నీళ్ళ సీసాలు, థర్మాకోల్ పళ్ళేలు, చిప్స్ కవర్లు నా నడుమెత్తు ఉన్నాయి. నీ చిట్టితల్లి అర్చన సీసా మూతలతో రైలు చేసి ఆడుకుంటోంది. సాయంత్రం హేమంత్ బావ ఆ కుప్పకు నిప్పు పెట్టాడు. నల్లటి పొగ కొండెక్కి పోతుంటే ఒకాయన దగ్గుకుంటూనే "ఆహా, ఏం గాలి!" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఎమ్మెస్సీలో రెండేళ్ళు పర్యావరణం చదివి, ఇప్పుడు లక్ష్మీనారాయణ సార్ టూర్ల ఆఫీసులో "ఎన్ని సీట్లు సార్, కిటికీ పక్కన కావాలా?" అంటూ బతుకుతున్నాను. ఒక్కచోటైనా చదివింది పనికి రానీ. బావకు చెప్పు: సీసాలు మానేయండి, నీళ్ళు కాచి కుండల్లో పోయండి. పళ్ళేల బదులు విస్తరాకులు. స్నానాల నీళ్ళు అరటి పాదులకు మళ్ళించండి. ఏదీ కాల్చొద్దు. వంటింటి చెత్తంతా గుంత తవ్వి వేస్తే ఎరువవుతుంది. తోటనుంచి ఏదీ బయటికి పోకూడదు, మట్టిది మట్టికే చేరాలి. ఇంకొకటి, ఆ ఫ్లడ్‌లైట్లు ఆర్పేయండి. ఈ ఊళ్ళో చీకటన్నది ఎవరికీ దొరకడం లేదక్కా. మా వీధిలో సగం సైట్లు ఖాళీగా ఉన్నాయి, ఆ ఖాళీ సైట్లకు కూడా లైట్లు. చుక్కలు కనిపిస్తాయని చెబితే జనం ఎగబడి వస్తారు. సార్ కూడా ఒప్పుకున్నాడు.

మా అమ్మ, అదే మీ చిన్నమ్మ, నిన్ను అడిగినట్టు రాయమంది. ఇదివరకటి నగర్తపేట ఇంటి గోలకు అలవాటుపడి ఇక్కడ నిద్రపట్టక రేడియో పెట్టుకుని పడుకుంటోంది.

మీ మేఘన

---

కొండకింద తోట, దొడ్డబళ్ళాపురం దాటి
16 ఫిబ్రవరి 2003

మేఘనా,

నీ ఉత్తరం ఇంట్లో చిన్నపాటి యుద్ధమే తెచ్చింది. లైట్లు ఆర్పడం మా మామ జయరామప్పకు అసలు నచ్చలేదు. "కరెంటోళ్ళు తీసేది చాలదని మనమే తీసుకోవాల్నా అప్పా?" అని హేమంత్‌ను పట్టుకున్నాడు. విస్తరాకుల సంగతి వినగానే అత్త అంజినమ్మ, "ఆకులో పులుసు నిలుస్తాదా? ఆ అయ్యోర్ల ప్యాంట్ల మీదికి పోతాది. వాళ్ళు ఉతుక్కునే సబ్బునీళ్ళు మళ్ళా నా అరటికే వస్తాయి గదా!" అంది. ఇప్పుడు పులుసుకు విడిగా మట్టి ముంతలు పెడుతోంది. ఆమె మాటా నెగ్గింది, నీ మాటా నెగ్గింది.

మిగతావన్నీ నువ్వు చెప్పినట్టే చేశాం. సీసాలు లేవు, పొగ లేదు. హేమంత్ వంటింటి వెనకే గుంత తవ్వాడు. కూరగాయల తొక్కులు, మిగిలిన అన్నం, కోళ్ళ పేగులు, ఎముకలు అన్నీ అందులోకే. అరటికి ఈ ఏడు ఎరువు కొనే పని లేదని మురిసిపోతున్నాడు. గెస్టులు నిజంగానే పెరట్లో చాపలేసుకుని పడుకుని చుక్కలు చూస్తున్నారు.

గుంత వాసనకు ఊరి కుక్కలన్నీ మా ఇంటిని అత్తారిల్లు చేసుకున్నాయి. వాటిలో ఒక మచ్చల కుక్కకు గెస్టులు "టైగర్" అని పేరు పెట్టారు. పది రోజులుగా టైగర్ కనిపించడం లేదు. తర్వాత ఇంకోటి. కుక్కలన్న తర్వాత ఎటో పోతాయిలే అనుకున్నాం.

ఈ రోజు పొద్దున అరటి పాదుల దగ్గర తడిమట్టిలో ఒక అడుగు కనిపించింది. పిల్లి అడుగులాగే గుండ్రంగా ఉంది, గోళ్ళ గుర్తు లేదు. నా అరచేయి పెట్టి చూశాను. అరచేయి చిన్నదైంది. మామను పిలిచి చూపించాను. ఆయన చెప్పు కాలితో దాన్ని చెరిపేసి, "నువ్వు చూళ్ళేదు, నేను చూళ్ళేదు. గెస్టులకు చెప్పొద్దమ్మా" అని వెళ్ళిపోయాడు.

కానీ అప్పటికే ఒక గెస్టు దాని ఫోటో తీసుకున్నాడు.

అర్పిత

---

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
22 ఫిబ్రవరి

అక్కా,

ఉత్తరం చదివాను. అబద్ధమెందుకు, ముందు ఒక్క క్షణం సంతోషమే వేసింది. చిరుత తిరిగే తోట మా అక్కది అని. ఆ తర్వాతే అర్చన గుర్తొచ్చింది. ఐదేళ్ళ పిల్ల, కుక్కకంటే ఎత్తేమీ కాదు.

కుక్కలు ఎటో పోలేదక్కా. గుంత కోసం కుక్కలు వచ్చాయి, కుక్కల కోసం అది వచ్చింది. మాంసం గుంతలో వేయొద్దని నేను రాయకపోవడం తప్పే. ఈ రోజు నుంచే మాంసం, ఎముక, పేగు ఏదీ ఇంటి దగ్గర ఉండకూడదు. కాల్చొద్దు, ఇంటికి దూరంగా పెట్టేయండి. గుంత మీద మట్టి కప్పి ముళ్ళకంప వేయండి. ఇంటి చుట్టూ లైట్లు మళ్ళీ పెట్టండి, చుక్కలు పోతే పోయాయి. పొద్దు వాలాక అర్చనను గడప దాటనివ్వొద్దు.

ఆ ఫోటో తీసినాయన ఆఫీసుకు వచ్చి సార్‌కు చూపించాడట. సార్ ఆ రోజంతా నాతో చాలా మర్యాదగా మాట్లాడాడు. నాకు ఆ మర్యాద నచ్చలేదు.

మేఘన

---

కొండకింద తోట
16 మార్చి

మేఘనా,

ఇక్కడ అంతా బాగుంది. నువ్వు చెప్పినట్టే చేశాం. గుంత మూసేశాం. మాంసం ఏదీ ఇంటి దగ్గర ఉంచడం లేదు, దూరంగా వేసి వస్తున్నాడు హేమంత్. కుక్కలు కూడా లేవు. ఒక్కటీ లేదు. మొరుగుడు లేక ఇల్లు ప్రశాంతంగా ఉంది.

గెస్టులు బాగా పెరిగారు. మీ సార్ రెండేసి వ్యాన్లు పంపుతున్నాడు. సాయంత్రం పూట కూర్చోవడానికి హేమంత్ కొండవాలున ఉన్న పెద్దబండకు ఎదురుగా బెంచీలు వేయించాడు, సూర్యాస్తమయం చూడ్డానికి. అత్తకు వంట పని ఎక్కువైంది, తిట్టుకుంటూనే చేస్తోంది. ఇంకో గది కట్టిద్దామని ఆలోచన.

అర్చనకు స్కూల్లో సీటు దొరికింది. జూన్ నుంచి పోతుంది. యూనిఫాం ఇప్పుడే వేసుకుని తిరుగుతోంది.

నువ్వు ఊరికే భయపడకు. చిన్నమ్మను అడిగినట్టు చెప్పు.

అర్పిత

---

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
29 మార్చి

అక్కా,

పెద్దబండ మీ ఇంటికి తూర్పున ఉంది. సూర్యాస్తమయం చూడ్డానికి బెంచీలు తూర్పుకు వేస్తారా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసినట్టే లేదు. నీ ఉత్తరంలో ఎప్పుడూ ఎవరో ఒకరు పోట్లాడుకుంటూ ఉంటారు. ఇందులో అందరూ బాగున్నారు.

నిన్న కిరణ్ అనే గెస్టు ఆఫీసుకు వచ్చాడు, ఇంకో నలుగురిని తీసుకెళ్ళాలట. "మీ బావ సూపరండీ! బకెట్ తీసుకెళ్ళి బండ మీద గుమ్మరించి వస్తాడు. మనం కాఫీ తాగుతూ ఉంటే అది దొరలా దిగి వస్తుంది" అన్నాడు. నా ముందే ఉన్న కాఫీ నేను తాగలేకపోయాను.

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మేడం ఇంటికి వెళ్ళాను. ఆవిడ వింటూ వింటూ కుట్టుపని పక్కన పెట్టేసింది. "చిరుతకు మనిషంటే భయం, మేఘనా. ఆ భయమే మనకూ దానికీ మధ్య ఉన్న గోడ. మీ వాళ్ళు రోజుకో ఇటుక తీస్తున్నారు" అంది. మరి పెట్టడం మానేస్తే పోతుందా అని అడిగాను. "మానక తప్పదు. కానీ మానిన కొత్తలోనే అసలు గండం. విస్తరి వేసిన ఇంటికి మనిషైనా మళ్ళీ వచ్చి చూడకుండా పోడు కదా" అంది.

నిన్న సాయంత్రం ఆగర చెరువు కట్ట మీద నడుస్తుంటే వెనక ఏదో ఎండుటాకు కదిలింది. ఊరి నడుమ, బస్సుల చప్పుడులో! అయినా వెనక్కి తిరిగి చూసే ధైర్యం రాలేదు. మీరు రోజూ అది తిరిగే చోటే బట్టలు ఆరేస్తున్నారు.

ఆపమను అక్కా, బావను. నీ మాట వింటాడు.

మేఘన

---

కొండకింద తోట
6 ఏప్రిల్

మేఘనా,

నా మాట వింటాడా? మొదట విన్నది నీ మాటే.

గుంతలో వెయ్యండి అన్నావు, వేశాం. గుంతలో వద్దు, కాల్చొద్దు, దూరంగా పెట్టెయ్యండి అన్నావు. దూరమంటే ఏది దూరం? అటు పక్క చిన్నప్ప వాళ్ళ పొలం, ఇటు ఊరి బావి. మిగిలింది కొండ. హేమంత్ బండ మీద పెట్టి వచ్చాడు. "మేఘన చెప్పిందే గదే, మట్టిది మట్టికి, అడివిది అడివికి" అన్నాడు. అది వచ్చి తినింది. ఇంటి వైపు రాలేదు. చూసి మాకూ ధైర్యం వచ్చింది. అక్కడే కడుపు నిండితే ఇక్కడికి ఎందుకొస్తుంది అనుకున్నాం. తర్వాత గెస్టులు చూశారు. తర్వాత గెస్టులు దానికోసమే వచ్చారు.

మరి నువ్వేం చేస్తున్నావు అక్కడ? పోయిన వారం ఒకామె బెంచీ మీద కూర్చుని నన్ను పిలిచి, "ఏమండీ, ఇంకా రాలేదే? ఫోన్లో మేఘన మేడం తప్పకుండా కనిపిస్తుందన్నారే!" అని గద్దించింది. నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలి? నాకు భయపడమని ఉత్తరం, వాళ్ళకు రమ్మని ఫోను. ఏ మేఘన నా చెల్లెలు?

సరే, తిట్టడానికి కాదు ఇది రాస్తున్నది. నాకు చెప్పుకోవడానికి వేరే ఎవరూ లేరు.

మొన్న బుధవారం కొత్త గదికి సిమెంటు తెచ్చే టెంపో వచ్చింది. బుధవారం గెస్టులు ఉండరు, బకెట్టూ ఉండదు. నేను, అర్చన వాకిట్లో చింతపండు ఆరబెడుతున్నాం. టెంపో మలుపు దగ్గర ఏటవాలు ఎక్కలేక ఊళపెట్టింది. అర్చన తల ఎత్తి, "వచ్చేసిందమ్మా" అంది. టెంపోనా అన్నాను. "కాదు" అని బండ వైపు చూపించింది.

మిట్టమధ్యాహ్నం. ఎండలో కూర్చుని ఉంది. ముందుకాళ్ళు చాపి, తోక కిందికి వేలాడేసి, టెంపోనే చూస్తోంది. గెస్టులు ఎప్పుడొస్తారో దానికి తెలుసు మేఘనా. వారం లెక్క కాదు. మలుపు దగ్గర ఇంజను ఊళపెడితే కూడు వచ్చినట్టు. సొన్నప్ప వ్యానైనా ఒకటే, సిమెంటు టెంపో అయినా ఒకటే.

జూన్‌లో అదే మలుపుకు అర్చన స్కూలు వ్యాను వస్తుంది.

అర్పిత

---

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
10 ఏప్రిల్

అక్కా,

అవును, అన్నాను. ఫోన్లో ప్రతివాళ్ళూ "కనిపిస్తుందా, కనిపిస్తుందా" అని అడుగుతుంటే, అవతల సార్ చూపు నా మీద ఉంటే, "తప్పకుండా" అనేశాను. మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం. దాని గురించి ఇంతకంటే రాయను. ఏడిస్తే నీ పని జరగదు.

సార్‌తో పోట్లాడాను. వ్యాన్లు ఆపాలన్నాను. "చిర్త చూపిస్తామని జనాన్ని పిలిచేసినాం గదమ్మా, ఇప్పుడు కోతిని చూపించేదానికి అవుతాదా?" అన్నాడు.

"సార్, అది గెస్టును ఎత్తుకుపోతే?"

"పొద్దున్నే అట్లాంటి మాట అనొద్దమ్మా, ఇంకా బోణీ కాలేదు."

"మా అక్క కూతుర్ని ఎత్తుకుపోతే?"

ఆయన అగరొత్తి వెలిగించబోతూ ఆగిపోయాడు. ఆయనకూ మనవరాలుంది. అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత కూర్చుని, శనివారం వాళ్ళకు ఒక్కొక్కరికే ఫోను చేసి, "తోటలో రిపేరీ పనులు నడస్తా ఉండాయి" అని చెప్పాడు. భయపడే ఆపాడు. ఎందుకాపితేనేం, వ్యాన్లు ఆగాయి. ఇక ఉత్తరాలు పోస్టులోనే.

ఫారెస్టు ఆఫీసుకు వెళ్ళి రాసిచ్చాను. మీ వైపు నంజప్ప అనే గార్డు వస్తాడు. ఏమీ దాచకుండా చెప్పండి. బకెట్ సంగతి కూడా.

నువ్వు, అర్చన ఇక్కడికి వచ్చేయండి. అమ్మ మంచం కూడా సిద్ధం చేసింది.

మేఘన

---

కొండకింద తోట
9 మే

మేఘనా,

నంజప్ప వచ్చాడు. సన్నగా, దగ్గుతూ ఉంటాడు, కానీ మాట గట్టిది. హేమంత్ తల దించుకుని అంతా చెప్పాడు. "బిర్యానీ హోటల్ పెట్టినావు గదప్పా కొండమీద" అన్నాడు నంజప్ప. ఎవరూ నవ్వలేదు. బోను పెట్టి పట్టుకుపోరాదా అని మామ అడిగాడు. "ఈ కొండలో దీని తావు ఖాళీ అయితే ఇంకోటి వస్తాది. మీ బకెట్ చూస్తే అదీ నేర్చుకుంటాది. మార్చాల్సింది దాన్ని కాదు, మిమ్మల్ని" అన్నాడు. పెట్టొద్దు. పరుగెత్తొద్దు. వంగి కూర్చోవద్దు. పిల్లను ఎత్తుకునే తిరగండి. కోళ్ళను గట్టి గూట్లో మూయండి. కొన్నాళ్ళకు మరచిపోతుంది అన్నాడు. ఎన్నాళ్ళకు అని అడిగితే, "దాన్నడగండి" అన్నాడు.

ఆపేశాం.

మొదటి వారం బండ మీదే కూర్చుని చూసింది. తర్వాత కిందికి దిగింది. ఒక సాయంత్రం కిటికీలోంచి చూస్తే బెంచీల మధ్య ఉంది. గెస్టులు కూర్చునే చోట వాసన చూస్తోంది, ఒక్కొక్క బెంచీ దగ్గర ఆగి ఆగి. ఎవరు రాలేదో చూసుకుంటున్నట్టు. మర్నాడు బట్టలుతికే బండ మీద దాని వెంట్రుకలు. ఆ తర్వాత అత్త మేకల్లో ఒకటి పోయింది. అరుపు కూడా వినపడలేదు. అత్త మూడు రోజులు అన్నం ముట్టలేదు. పొయ్యిలోకి కట్టెలు తేవాలన్నా ఇద్దరం చేతులు పట్టుకుని, పెద్దగా మాట్లాడుకుంటూ వెళ్తాం. ఏం మాట్లాడాలో తోచక ఆమె నాకు తన పెళ్ళి కథ చెబుతుంది, ప్రతిసారీ మొదటినుంచి.

నిన్న పొద్దువాలే వేళ హేమంత్ బకెట్ తీసుకుని బయలుదేరాడు. ఊళ్ళో కోళ్ళ అంగడికి పోయి పేగులు అడుక్కొచ్చాడు. నేను వాకిలికి అడ్డం నిలబడ్డాను.

"యాడికి?"

"ఈ ఒక్కరోజుకే. కడుపు నిండితే పైకి పోతాది. ఇంట్లోకి వచ్చేస్తాదే అర్పితా, నాకు తెలుస్తా ఉండాది."

"ఈ ఒక్కరోజు పెడితే మళ్ళా మొదటి నుంచే."

"నువ్వు పక్కకు జరుగు."

"జరగను. నన్ను తోసేసి పో."

తోయలేదు. బకెట్ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. ఎవరికీ అపకారం తలపెట్టని మనిషి మేఘనా. నలుగురు వచ్చి మా తోట బాగుందంటే చాలనుకున్నాడు. లోపలికి లాక్కొచ్చి తలుపేశాను. ఆ పేగులను మామ కట్టె పట్టుకుని తోడు నిలబడితే హేమంత్ లోతుగా గుంత తీసి పూడ్చి, పైన బండరాళ్ళు దొర్లించాడు. మొదటి రోజే ఆ పని చేసి ఉంటే.

బెంగళూరుకు రమ్మన్నావు. వస్తే ఎన్నాళ్ళుంటాను? అత్తామామలు ఇక్కడే కదా. ఎప్పుడు తిరిగొచ్చినా బిడ్డ రావలసింది ఈ మలుపుకే.

అర్పిత

---

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
7 జూన్

అక్కా,

నేను రాసిన రెండింటికీ జవాబు లేదు. బడులు తెరిచి వారమైంది. పోస్టుమ్యాన్ సైకిలు మా వీధి మలుపు తిరగగానే అమ్మ, నేను ఇద్దరం లేస్తాం. ఎవరమూ గేటు దగ్గరికి ముందు వెళ్ళం.

పేపరు తెరవడం మానేశాను. సార్ కూడా పొద్దున్నే పేపరు తాను చదివి, మడిచి సొరుగులో పెట్టేస్తున్నాడు. నన్ను చూసి "ఏం లేదమ్మా, ఏం లేదు" అంటాడు.

ఒక్క ముక్క రాయి. బాగున్నాం అని రాస్తే నమ్మను. ఎవరో ఒకరు పోట్లాడుకున్నారని రాయి.

మేఘన

---

కొండకింద తోట
12 జూన్

మేఘనా,

అందరం ఉన్నాం. ముందు అది రాస్తున్నాను, ఊపిరి పీల్చుకో. రాయకపోవడానికి వేరే కారణం ఏమీ లేదు. పెన్ను తీస్తే భయం కాగితం మీదికి వస్తుందని, వస్తే నిజమవుతుందని అనిపించింది.

మే నెల చివర్లో నంజప్ప రెండుసార్లు వచ్చాడు. దాని అడుగులు కొండ పైకే కనిపిస్తున్నాయని, కిందికి తగ్గాయని చెప్పాడు. మాకూ కనపడక చాలా రోజులైంది. అత్త మిగిలిన మేకలను మళ్ళీ తోలడం మొదలుపెట్టింది, మామతో పోట్లాడడం కూడా. ఇదిగో, నువ్వు అడిగావు కదా.

స్కూలు వ్యాను డ్రైవరుకు హేమంత్ అంతా చెప్పాడు. గేటు దాకా వస్తానన్నాడు, కానీ ఆ ఏటవాలు ఎక్కకుండా రావడానికి దారి లేదు. ఇంజను ఊళపెట్టక తప్పదు. అర్చనను నేను చంకనెత్తుకుని తీసుకెళ్తాను, హేమంత్ కట్టె పట్టుకుని పక్కన నిలబడతాడు. మొదటి వారమంతా ఏమీ రాలేదు. పిల్లలు కిటికీల్లోంచి నవ్వుతారు, ఇంత పెద్ద పిల్లను ఎత్తుకున్నానని.

ఈ రోజు పొద్దున హేమంత్‌కు జ్వరం. నేనొక్కదాన్నే వెళ్ళాను. వ్యాను మలుపు దగ్గర మూలుగుతూ ఎక్కుతోంది. అర్చన బరువుకు నడుము నొప్పి పుట్టి, గేటు దగ్గరికి వచ్చేశాం కదా అని కిందికి దించాను. కొంగు సర్దుకున్నాను, అంతే.

తల ఎత్తితే అది బెంచీల దగ్గర నిలబడి ఉంది. చిక్కిపోయింది. పక్కటెముకలు తెలుస్తున్నాయి. నన్ను చూడడం లేదు. నా నడుము ఎత్తున ఏముందో దాన్ని చూస్తోంది.

పరుగెత్తొద్దు, వంగొద్దు అన్నవి గుర్తున్నాయి. వంగకుండా బిడ్డను ఎత్తుకోవడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. చేయి మాత్రం కిందికి చాపి వెతికాను. భుజం దొరకలేదు. చూస్తే అర్చన నాకంటే రెండడుగులు ముందు ఉంది. బ్యాగు కింద పెట్టి, టిఫిన్ డబ్బా మూత తీస్తోంది.

"అమ్మా, దీనికి ఎవురూ ఏమీ పెట్టలేదు" అంది. కోపంగా, నన్ను తప్పుపడుతూ. "నేను పెడతా. ఆంటీలు నా చేత పెట్టించినారు గదా, చేయి చాపితే వస్తాది."

గెస్టులు నా బిడ్డ చేతికి కోడి ముక్కలిచ్చి విసిరించారట మేఘనా. చప్పట్లు కొట్టారట. వంటింట్లో నేను వాళ్ళకు కాఫీ కలుపుతున్నప్పుడు.

ఎలా ఎత్తుకున్నానో తెలీదు. జుట్టు పట్టుకున్నానో, యూనిఫాం పట్టుకున్నానో. వ్యాను డ్రైవరు చూసి హారన్ మీద నుంచి చేయి తీయలేదు, లోపల పిల్లలు ఏడుపు అందుకున్నారు. నేను అరుస్తూనే ఉన్నాను. అది ఆ గోలంతా కాసేపు విని, డబ్బాలోంచి నేల మీద ఒలికిన చిత్రాన్నం వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగి బండ ఎక్కింది. తొందరపడలేదు.

నంజప్పకు కబురు పంపాం. వస్తాడు, చేయవలసింది చేస్తాడు. కొన్నాళ్ళకు అది మరచిపోతుందనే అంటాడు, నేనూ నమ్ముతాను.

కానీ అర్చన పొద్దుటినుంచి నాతో మాట్లాడడం లేదు. దాన్ని తరిమేశానని అలిగింది. కిటికీ దగ్గర కూర్చుని బండనే చూస్తోంది. కొట్టాను మేఘనా, ఎప్పుడూ కొట్టనిదాన్ని. ఏడ్చింది కానీ నాకే భయపడింది. దానికి భయపడలేదు.

నువ్వు రా. బస్సులో రా, మెయిన్‌రోడ్డు దగ్గర మామ వచ్చి ఉంటాడు. నాకు ధైర్యం చెప్పడానికి కాదు. ఈ బిడ్డకు భయం నేర్పాలి. నాకు చేత కావడం లేదు.

మీ అక్క
అర్పిత